మేస్త్రిగారి నడుంనొప్పి

2వ తారీఖు, సోమవారం

ఈ పుస్తకం కొన్నది రంగుల నంబర్లు రాసుకోవడానికి. ఏ గోడకి ఏ నంబరు, ఎన్ని డబ్బాలు, అంతవరకే. నాలుగు పేజీలు నిండాయి, మిగతావి తెల్లగా పడున్నాయి. మిగిలింది పారెయ్యడం నాకు చేతకాదు. రోలర్ చివర మిగిలిన చుక్క కూడా పిండించే మామయ్య దగ్గర పన్నెండేళ్ళు పనిచేసిన పాపం అది. ఎవరితోనూ అనలేని మాటలు కొన్ని పోగయ్యాయి, వాటిని ఇందులో పడేస్తాను.

ఇవాళ కొత్త ఇల్లు మొదలుపెట్టాం. నాలుగు గదులు, వంటిల్లు, ఆరు తలుపులు. ఇల్లుగలావిడ రిటైరైన హెడ్‌మాస్టరమ్మ. 28న సామాను దింపుతారట, ఆ లోపల అంతా అయిపోవాలి. చేతిలో టార్చి పట్టుకుని వచ్చారు. టార్చి తెచ్చే మనిషికి పని గురించి తెలుసు.

"తలుపులు మాత్రం మీ చేత్తోనే వెయ్యాలి మేస్త్రిగారూ. మా చెల్లెలింట్లో పదిహేనేళ్ళ కిందట మీరు వేసిన తలుపుల్లో ఇప్పటికీ మొహం చూసుకోవచ్చు" అన్నారు.

మామయ్య మీసాల కింద నవ్వుకున్నారు. ఆవిడిచ్చిన రంగుల కార్డు తలకిందులుగా పట్టుకుని "మంచి రంగులే ఎంచారమ్మా" అన్నారు. నేను గబుక్కున వెళ్ళి కార్డు నా చేతిలోకి తీసుకున్నాను.

ఆయన కళ్ళకి పొరలొచ్చి ఏడాదిన్నర. ఈ సంగతి ఇంట్లో ముగ్గురికే తెలుసు, ఆ ముగ్గురిలో ఒకరు ఒప్పుకోరు. కళ్ళు కనపడటం లేదని ఆయన నోటివెంట ఒక్కసారి రాలేదు. "నడుం పట్టేసింది, ఈ మూల నువ్వు లాగమ్మాయ్" అంటారు. సన్నగీత ఎక్కడ లాగాలో సరిగ్గా అక్కడే పట్టేస్తుంది ఆ నడుం. ఆ నడుంనొప్పి పుణ్యమా అని నేను కుంచె పట్టాను. అంతకుముందు పదిన్నరేళ్ళూ గుంటలు పూడ్చే లప్పం పూయడం, ఉప్పుకాగితంతో గోడ రుద్దడం, దుమ్ము తుడవడం, అంతే.

మా ఆయనకి రంగు వాసన పడదు. మేస్త్రి కొడుకై పుట్టి బస్సు డ్రైవరయ్యాడు. దూరం బస్సు, రెండు రోజులకోసారి ఇంటికొస్తాడు.

4, బుధవారం

ఆసుపత్రి నుంచి నా ఫోనుకి మెసేజి. పద్నాలుగున మామయ్యకి పొర తీసే ఆపరేషన్. మా ఆయన పట్టుబట్టి పేరు రాయించాడు, మూడు నెలలుగా ఈ తారీఖు కోసమే చూస్తున్నాం. రేపు చెప్తాను.

5, గురువారం

చెప్పలేదు. లప్పం పని, ఊపిరి సలపలేదు.

6, శుక్రవారం

గోడని ఎదురుగా నిలబడి చూస్తే ఏ గోడైనా బాగానే ఉంటుంది. పక్కనుంచి చూడాలి. టార్చిని గోడకి ఆనించి పట్టుకుంటే గుంటలూ మెట్టలూ లేచి కూర్చుంటాయి. అలా చూసి, లప్పం పూసి, ఆరాక రుద్ది, మళ్ళీ టార్చి పెట్టి చూసి, మళ్ళీ రుద్ది, పడగ్గది గోడ అయిపోయిందనుకున్నాను. మామయ్య వచ్చి అరచెయ్యి గోడకి ఆనించి ఆ చివర్నుంచి ఈ చివరికి నడిచారు. కిటికీ పక్కన ఆగారు.

"ఇక్కడ గుంటుంది."

"లేదు మామయ్యా, ఇప్పుడే టార్చితో చూశాను."

"టార్చికి కనపడకపోవచ్చు. రేపు రంగేశాక ఆవిడకి కనపడుద్ది."

రంగు పడ్డాక కనపడే గుంటే అది. నాకు కోపం వచ్చింది. కళ్ళు లేకుండానే ఇంత చూసే మనిషికి కళ్ళుంటే నాకు ఈ గోడ ఇస్తాడా అనిపించింది. అనిపించిన మాట రాస్తున్నాను, అంతే.

7, శనివారం

సీలింగూ గోడా కలిసేచోట గీత టేపు అంటించకుండా ఉత్త చేత్తో లాగాను. నాలుగు వైపులా. ఊపిరి బిగబట్టి. ఒక్కచోట కూడా వంకర పోలేదు.

మామయ్య కింద స్టూలు మీద కూర్చుని "నడుం ఎలా ఉందో ఏమో, లేవలేకపోతున్నా" అన్నారు. "మీరు కూర్చోండి మామయ్యా" అన్నాను. చాలా ప్రేమగా అన్నాను.

9, సోమవారం

వెనక రెండు గదుల గుమ్మాలు మామయ్య వేశారు. తెల్ల ఎనామిల్ వెయ్యాల్సినవి. వంటింటి అలమరా కోసం తెచ్చిన మీగడ రంగు డబ్బా తెరిచి వేసేశారు. ఆయన కళ్ళకి రెండూ ఒకటే కదా. నాకు తెలిసేసరికి రెండో గుమ్మం సగంలో ఉంది. పనితనం చూస్తే అద్దంలా ఉంది. రంగు మాత్రం వేరు.

డబ్బా మీద చీటీ మాసిపోయింది. ఆ గదిలో వెలుతురు కూడా తక్కువ. ఎవరైనా పొరబడతారు.

11, బుధవారం

నిన్నా ఇవాళా మామయ్యని ఇంట్లోనే ఉండమన్నాను. "ముసురు పట్టింది, ఎనామిల్ ఆరదు, ఊరికే వచ్చి చేసేదేం లేదు" అన్నాను. మారు మాట్లాడకుండా సరేనన్నారు. వాన పడితే ఇంకా ముందే బయల్దేరే మనిషి. ఎందుకు ఒప్పుకున్నారో తెలియలేదు.

నిన్న పొద్దున్నే వెళ్ళి ఆ రెండు గుమ్మాలూ సన్నటి ఉప్పుకాగితంతో గరుకు చేసి తెల్ల ఎనామిల్ వేశాను. ఇవాళ రెండో పూత. ఆయన పని మీద నా పని వెయ్యడం ఇదే మొదటిసారి. మనసు ఒప్పదనుకున్నాను. ఒప్పింది.

ఆయన పరువు కోసం చేశాను. హెడ్‌మాస్టరమ్మ చూస్తే ఏమైపోయేది?

12, గురువారం

డాక్టరు సెలవులో ఉన్నాడట, ఆపరేషన్ వచ్చే నెలకి వాయిదా పడింది. మామయ్యకీ మా ఆయనకీ చెప్పాను. మామయ్య "మంచిదే, పని ఒత్తిడిలో ఎందుకు" అన్నారు. మా ఆయన ఒక పక్క తింటూనే డాక్టర్ని తిట్టాడు.

13, శుక్రవారం

డాక్టర్లు కూడా సెలవులు పెడతారు. ఇందులో వింతేముంది.

14, శనివారం

ఇవాళ హాల్లో పొడుగు గోడ వేశాను. ఇది రాయాలి.

ఆ గోడకి పక్కనే పెద్ద కిటికీ. పొద్దుటి నుంచీ వెలుతురు అడ్డంగా పడుతూనే ఉంటుంది, ఏ తప్పూ దాగదు. ఇలాంటి గోడని ఈ మూల మొదలెడితే ఆ మూల దాకా ఆగకూడదు. వేసిన పట్టీ అంచు తడి ఆరకముందే పక్క పట్టీ వచ్చి కలవాలి. మధ్యలో ఆగామా, ఆగినచోట గీత పడుతుంది. మీద చిన్నగా దిద్దితే ఆ దిద్దింది ఇంకా బాగా కనపడుతుంది. మళ్ళీ మొత్తం గోడ వెయ్యాల్సిందే.

రోలర్ ముంచాను. ఫోను మోగింది, చూడలేదు. హెడ్‌మాస్టరమ్మ టీ తెచ్చి "ఏమ్మా" అని రెండుసార్లు పిలిచారు, వెనక్కి తిరగలేదు. ముక్కు దురద పెట్టింది, పెట్టనిచ్చాను. అవతలి మూలకి చేరి రోలర్ దించాక చూస్తే ఒళ్ళంతా చెమట. గోడ మాత్రం ఒక్క గుడ్డ పరిచినట్టుంది. పన్నెండేళ్ళలో నేనింత సంతోషంగా ఎప్పుడూ లేను. మా పెళ్ళినాడు కూడా లేనని మా ఆయనకి చెప్పకూడదు.

సాయంత్రం ఆవిడ టార్చితో చూసి "మీ చెయ్యి ఏం మారలేదు మేస్త్రిగారూ" అన్నారు. మామయ్య "ఊఁ" అన్నారు. అంతే. నేను బ్రష్షులు కడుక్కుంటున్నాను.

ఇవాళ పద్నాలుగు. అయితే ఏం?

17, మంగళవారం

మామయ్య నిచ్చెన మీంచి పడ్డారు. కిందికి దిగుతూ, ఇంకో మెట్టుండగానే అయిపోయిందనుకుని నేల మీద అడుగేసినట్టు అడుగేశారు. నేల లేదు. అడుగుపూత వేసే ప్రైమర్ డబ్బాతో సహా పడ్డారు. మోచెయ్యి చీరుకుపోయింది, తుంటికి దెబ్బ. ఎముకలు విరగలేదని ఎక్స్‌రే తీసి చెప్పారు.

18, బుధవారం

పనికి వెళ్ళలేదు. ఇంతకంటే రాయలేను.

19, గురువారం

రాస్తాను. రాయకపోతే ఈ పుస్తకం ఎందుకు?

ఆయన పడ్డ చప్పుడు వినగానే నేను గోడ వైపు చూశాను. ముందు గోడ వైపు చూశాను. ప్రైమర్ చిందిందేమోనని. చిందలేదని చూసుకుని, అప్పుడు ఆయన దగ్గరికి పరిగెత్తాను. ఆయన కూడా లేవగానే "గోడ మీద పడిందా?" అని అడిగారు, అది వేరే సంగతి. ఆయన గోడ గురించి అడగొచ్చు. నేను చూడకూడదు.

డాక్టరు సెలవు పెట్టలేదు. నేనే ఫోన్ చేసి, పని ఒత్తిడిగా ఉంది, వచ్చే నెలకి మార్చమన్నాను. ఆయన పరువూ కాదు, గాడిదగుడ్డూ కాదు. ఆయనకి కళ్ళొస్తే కుంచె ఆయన తీసుకుంటారు, నాకు మళ్ళీ ఉప్పుకాగితం ఇస్తారు. అందుకు. ఒక ముసలాయన చూపు తాకట్టు పెట్టి నేను గోడలు వేసుకున్నాను.

పొద్దున్న మంచం పక్కన కూర్చుని చెప్పేశాను.

"మామయ్యా, డాక్టరు సెలవు పెట్టలేదు. నేనే వాయిదా వేయించాను."

ఆయన తల తిప్పారు. నా మొహం ఆయనకి మసక మసకగా కనపడుతుందేమో, అయినా నేను తల దించుకున్నాను.

"ఎందుకు?"

"మీకు కళ్ళొస్తే నా చేతిలో కుంచె పోతుందని."

మోచేతి కట్టు తడుముకున్నారు. తర్వాత అన్నారు:

"వెనక గదుల గుమ్మాలు మళ్ళీ వేశావు కదూ."

నేను తల ఎత్తాను.

"కళ్ళు పోతే ముక్కు కూడా పోతుందా అమ్మాయ్? సోమవారం నేను వేసిన ఎనామిల్ గురువారం నాటికి అంత ఘాటుగా కొడుతుందా? వేలు పెట్టి చూశా, ఇంకా జిగటగా ఉంది."

"మరి అడగలేదేం?"

"అడిగితే ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక నడుంనొప్పి సరిపోదు కదా."

నాకు నవ్వొచ్చింది. నవ్వాననుకుంటా, ఏడుపు కూడా అందులోనే కలిసిపోయింది. ఆయన నవ్వలేదు.

"నా తప్పు నేను దాచుకున్నా. అది నా సొంతం. నీది అలాంటిది కాదు. నా కళ్ళు నావి, నన్నడక్కుండా నువ్వు నెల జరపడానికి వీల్లేదు. నేను పడ్డానని అనట్లా. పడకపోయినా తప్పే."

"అవును మామయ్యా."

"ఫోన్ చెయ్యి."

చేశాను. ఎవరో రాలేమన్నారట, శనివారానికి ఖాళీ దొరికింది. కుంచె సంగతి ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

20, శుక్రవారం

మా ఆయన వచ్చాడు. అంతా చెప్పాను. అరుస్తాడనుకున్నాను. తండ్రినీ నన్నూ మార్చి మార్చి చూసి "మామా కోడళ్ళు మీరిద్దరూ ఇద్దరే. మధ్యలో ఆ డాక్టర్ని తిట్టాను, ఆ పాపం నాకు" అన్నాడు. తర్వాత నాతో మాట్లాడలేదు. రేపు సెలవు పెట్టి తనే తీసుకెళ్తానన్నాడు. నన్ను రావద్దన్నాడు. అరిచినా బాగుండేది.

21, శనివారం

వాళ్ళు ఆసుపత్రికి, నేను పనికి. వెళ్ళగానే హెడ్‌మాస్టరమ్మకి చెప్పేశాను. ఒకరికి చెప్పాక రెండోవారికి చెప్పడం తేలికే.

"మేస్త్రిగారికి కళ్ళు సరిగ్గా కనపడవండీ. ఇవాళ ఆపరేషన్. ఈ ఇంట్లో గోడలన్నీ నేనే వేశాను. హాలు కూడా."

ఆవిడ కళ్ళజోడు పైకి జరిపి నన్ను చూశారు. హోంవర్కు చెయ్యని పిల్లలా నిలబడ్డాను.

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే పని ఇచ్చేవారా అండీ?"

"ఇచ్చేదాన్ని కాదు" అన్నారావిడ, తడుముకోకుండా.

టార్చి తీసుకుని మళ్ళీ మొదటినుంచీ గోడలన్నీ చూశారు. నిన్నటిదాకా చూసినవే. ఈసారి నెమ్మదిగా, మూలలు కూడా. నేను హాల్లో నిలబడి ఆ టార్చి వెలుగు ఏ గదిలో ఉందో చూస్తున్నాను. ముప్పావుగంట పట్టింది.

"లోపలి తలుపులు అయిదూ నువ్వే వెయ్యి. వీధి తలుపు మాత్రం ఆయనే వెయ్యాలి. ఆయన రాలేకపోతే అది అలాగే ఉండనీ, ప్రైమర్‌తోనే దిగుతాను" అన్నారు.

సాయంత్రం ఫోన్. ఆపరేషన్ బాగా అయింది, ముందు కుడికన్ను. మా ఆయన అన్న మాటలు ఆ రెండే. అవి చాలు.

22, ఆదివారం

తలుపులు ఊడదీయించి బల్లల మీద పడుకోబెట్టాను. పడుకోబెడితే రంగు కిందికి కారదు. రుద్దాను. తుడిచాను. తడిగుడ్డతో మళ్ళీ తుడిచాను.

24, మంగళవారం

ముందు లోపలి పలకలు, తర్వాత అడ్డచెక్కలు, చివర నిలువుచెక్కలు. చెక్క గీతలు ఎటుంటే కుంచె ఆఖరి లాగుడు అటే. మూడు తలుపులు ఒకవైపు అయ్యాయి. నాలుగోదాని మీద ఈగ వాలింది. అంత పెద్ద ఇల్లు, దానికి నా తడి తలుపే దొరికింది. ఆరనిచ్చి, ఆ పలకంతా రుద్ది, మళ్ళీ వేశాను. చేతులు పైకి లేవట్లేదు. అయినా వేస్తాను. ఇవే నా ఆఖరి తలుపులైతే ఎవరూ వంక పెట్టకూడదు.

25, బుధవారం

అయిదూ అయ్యాయి. రెండు వైపులా. రేపు మామయ్య వస్తారు.

26, గురువారం

నల్ల కళ్ళజోడుతో వచ్చారు. దుమ్ము పడకూడదు, వంగకూడదు, బరువెత్తకూడదని డాక్టరు చెప్పాడు. గుమ్మంలో నిలబడి కళ్ళజోడు కాస్త పైకెత్తి గుమ్మాన్ని చూశారు.

"ఇదేనా తెలుపు!" అన్నారు. "ఇంత తెల్లగా ఉంటుందా అమ్మాయ్? నేను నెయ్యి చూస్తున్నాననుకో ఇన్నాళ్ళూ." చిన్నపిల్లాడిలా గదిగదికీ తిరిగారు. నేను ఏ గోడ ఎవరు వేశారో చెప్పలేదు. ఆయన అడగలేదు.

వీధి తలుపుని నిన్న రాత్రే రుద్ది తుడిచి, ఆయన నడుమెత్తులో ఉండేలా బల్లల మీద పెట్టించాను. కుంచె కడిగి ఆయన చేతికిచ్చాను. ఇవ్వడం కష్టమైంది. కష్టమైనా ఇచ్చాను, అది ఆయనది.

"పక్కకి జరుగు, వెలుతురుకి అడ్డం" అన్నారు.

జరిగాను. గుడ్డ పట్టుకుని నిలబడ్డాను, పన్నెండేళ్ళ కిందట నిలబడ్డట్టే. ఆ చేతిని చూస్తుంటే ఏడుపొచ్చింది. కుంచె మీద బరువే వెయ్యరు. రంగు తనంతట తనే పరుచుకుంటుంది. నేను ఆ స్థాయికి రావాలంటే ఇంకో పదేళ్ళు. ఆ పదేళ్ళు ఇక నాకెవరిస్తారు?

ఒక్కసారి కూడా నడుం అనలేదు.

27, శుక్రవారం

పని అప్పజెప్పే ముందు మామయ్యది ఒక పద్ధతి. నీలం టేపు చుట్ట తీసుకుని ఇల్లంతా తిరుగుతారు. తప్పు ఎక్కడుంటే అక్కడ గోరంత ముక్క చించి అంటిస్తారు. మాట్లాడరు. రంగు వేసింది ఏ మేస్త్రి అయినా ఆయనే అంటిస్తారు. ఆయన పని మీద మాత్రం ఎవరూ అంటించరు. నలభై ఏళ్ళుగా ఇంతే. నేను రుద్దిన గోడల మీద ఎన్నడూ అంటించలేదు. రుద్దేవాళ్ళది లెక్కలోకి రాదు, మేస్త్రి పనికే టేపు.

ఇవాళ చుట్ట తీసుకుని బయల్దేరారు. హెడ్‌మాస్టరమ్మ టార్చితో వెనకే. నేను ఆ వెనక.

పడగ్గదిలో రెండు. స్విచ్చి పెట్టె పక్కన ఒకటి. వంటింటి అలమరా లోపలి అంచున, ఎవరూ చూడనిచోట, ఒకటి. నా తలుపుల మీద నాలుగు. ఈగ వాలిన తలుపు దగ్గర ఆగి, వంగకూడదు కదా, నన్ను పక్కన నిలబెట్టి వేలితో చూపించారు. "ఇక్కడ రెండో పూత తొందరపడి వేశావు. కింది పూత ఆరలేదు." నిజమే. హాల్లో పొడుగు గోడ మీద మూడు. నా గోడ మీద మూడు! నాకు ఒళ్ళు మండింది. ఆవిడ టార్చికి కనపడనివి, ఈయన కొత్త కంటికి కనపడ్డాయి.

"పదకొండు" అన్నారు.

"అన్నీ సరిచేస్తాను" అన్నాను, నా గొంతు నాకే కటువుగా వినపడింది.

ఆయన టేపు చుట్ట నా చేతిలో పెట్టారు.

"ఇప్పుడు నా తలుపు చూడు."

నాకు అర్థం కాలేదు. ఆవిడకీ అర్థం కాలేదు. "చూడండమ్మా, ఇద్దరు మేస్త్రీలున్నచోట ఒకరిది ఇంకొకరు చూడాలి, లేకపోతే పని చెడిపోద్ది" అన్నారు, నాతో కాదు, ఆవిడతో.

వీధి తలుపు దగ్గరికి వెళ్ళాను. టార్చి అడిగి తీసుకున్నాను. తలుపుకి ఆనించి పట్టుకున్నాను. అద్దంలా ఉంది. ఏమీ లేదని చెప్పేద్దామనుకున్నాను. అలా అబద్ధం చెప్తే ఈ నెలంతా చెప్పినవాటికి ఇంకోటి చేరుతుంది. మళ్ళీ పైనుంచి చూశాను. తాళం బెజ్జం కింద అంచున రంగు జారి పేరుకుని సన్నటి బొట్టులా ఆరింది. కనపడీ కనపడకుండా ఉంది.

ముక్క చించాను. ఆ బొట్టు పక్కనే అంటించాను.

మామయ్య కళ్ళజోడు ఎత్తి, మొహం తలుపుకి దగ్గరగా పెట్టి చూశారు.

"ఒకటేనా?"

"రెండు మామయ్యా" అన్నాను. పై పలక మూలలో కుంచె వెంట్రుక ఒకటి రంగులో అతుక్కుపోయింది. అక్కడ కూడా అంటించాను.

ఆయన మీసాలు కదిలాయి. హెడ్‌మాస్టరమ్మ వైపు తిరిగి "రేపు మీ సామాను మధ్యాహ్నం దించుకోండమ్మా, పొద్దున్న మాకు పనుంది" అన్నారు. తర్వాత నాతో:

"పదకొండుకి రెండు. వచ్చే ఇంటికి నువ్వు ఎనిమిదికి దించాలి."